ఎవరి కాళ్లు ముందు నిలిచాయి?
బాస్కెట్‌బాల్ పితామహుడు డాక్టర్ జేమ్స్ నైస్మిత్ జీవితం

– హాస్టల్ పూర్వ విద్యార్థి, ఎం.ఏ. (చరిత్ర)



వార్షికోత్సవ సంచికకు ఒక గొప్పవారి జీవితం రాయమని అడిగారు. అంబేద్కర్ గారి గురించి, పూలే దంపతుల గురించి నాకంటే బాగా రాసేవారు మనలో చాలామంది ఉన్నారు. అందుకే నేను మన హాస్టల్ వెనక మట్టి గ్రౌండులో ఆడుకున్న ఆటను కనిపెట్టిన మనిషి గురించి రాస్తున్నాను. దీనికి ఒక సొంత కారణం కూడా ఉంది.

నేను తొమ్మిదో తరగతిలో ఉండగా జోనల్ పోటీలకు వెళ్లాం. ఆఖరి నిమిషంలో మా జట్టు ఒక్క పాయింటు వెనకబడి ఉంది. నేను డ్రిబ్లింగ్ చేసుకుంటూ రింగు వైపు దూసుకుపోయాను. ఎదుటి జట్టు కుర్రాడొకడు, నాకంటే సన్నగా ఉన్నవాడు, దారికి అడ్డంగా నిలబడ్డాడు. ఢీకొని ఇద్దరం పడ్డాం. నా మోకాలు చీరుకుపోయి రక్తం కారుతోంది. విజిల్ మోగింది. ఫ్రీ త్రోలు నాకే అనుకుని లేచాను. రిఫరీ మాత్రం తప్పు నాదేనని చెయ్యి చూపించి బంతి వాళ్లకిచ్చాడు. మేం ఓడిపోయాం. హాస్టల్ పిల్లలం కాబట్టే ఇలా చేశారని ఆ రాత్రంతా నాకు ఒకటే కోపం. అన్నం కూడా తినలేదు.

మర్నాడు సాయంత్రం మా పి.ఇ.టి. సార్ నన్ను గ్రౌండుకు తీసుకెళ్లారు. వెనక ఉన్న సిమెంటు అరుగు మీద సుద్దముక్కతో రెండు పాదాలు గీశారు. నేను అక్కడికి చేరేసరికి ఆ కుర్రాడి కాళ్లు ఎక్కడున్నాయో గుర్తు చేసుకోమన్నారు. నాకు గుర్తుంది. వాడు నా వైపే ముఖం పెట్టి, రెండు కాళ్లూ నేలకు ఆనించి, కదలకుండా ఉన్నాడు. నేనే వాడి గుండెల మీదికి వెళ్లాను. రక్తం నాదే, తప్పూ నాదే. ఆ రోజు సార్ మొదటిసారి నాకు నైస్మిత్ పేరు చెప్పారు. తరువాత యూనివర్సిటీ లైబ్రరీలో ఆయన గురించి దొరికినంత వరకు చదివాను. తెలుసుకున్నది మీతో పంచుకుంటున్నాను.

చదువు మానేసిన అనాథ

జేమ్స్ నైస్మిత్ 1861 నవంబర్ 6న కెనడా దేశంలోని ఒంటారియోలో, ఆల్మాంట్ అనే చిన్న ఊరి దగ్గర పుట్టారు. తల్లిదండ్రులు స్కాట్లాండ్ నుండి బతుకుతెరువు కోసం వచ్చినవారు. 1870లో టైఫాయిడ్ జ్వరం వచ్చి కొద్ది రోజుల తేడాతో తల్లీ తండ్రీ ఇద్దరూ చనిపోయారు. అప్పటికి ఆయనకు సుమారు తొమ్మిదేళ్లు. ఆ తరువాత ఆయన మేనమామ పీటర్ యంగ్ పెంపకంలో పెరిగారు. పొలం పనులు, గుర్రాల పని, చలికాలంలో కట్టెలు కొట్టడం ఆయనకు చిన్నప్పుడే అలవాటయ్యాయి.

పల్లెటూరి పిల్లలకు ఆట వస్తువులు కొనే స్తోమత ఎక్కడిది? వాళ్లు రాళ్లతోనే ఒక ఆట ఆడేవారు. పెద్ద బండ మీద చిన్న రాయి పెట్టి, దూరం నుండి రాయి విసిరి దాన్ని పడగొట్టాలి. మన ఏడు పెంకులాటకు దూరపు చుట్టం అనుకోండి. బలంగా విసిరితే రాయి దూరంగా పోయి పడేది. దాన్ని తెచ్చుకునే లోపు కాపలా ఉన్నవాడు పట్టేసేవాడు. మెల్లగా, వంపు తిరిగేలా పైకి విసిరినవాడే గెలిచేవాడు. ఈ చిన్న సంగతిని ఆయన మర్చిపోలేదు.

హైస్కూలు మధ్యలో ఆయన చదువు మానేసి కలప కొట్టే క్యాంపుల్లో పనికి వెళ్లారు. కొన్నేళ్లు అడవుల్లో కూలి పని చేశాక మళ్లీ బడికి వచ్చి, తనకంటే చిన్నవాళ్లతో కలిసి కూర్చుని హైస్కూలు పూర్తి చేశారు. 1883లో మాంట్రియల్‌లోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో చేరి 1887లో డిగ్రీ అందుకున్నారు. నాకు ఇప్పుడు 23 ఏళ్లు. మా ఇంట్లో డిగ్రీ పట్టా చూసిన మొదటివాడిని నేనే. నా వయసులో నైస్మిత్ ఇంకా డిగ్రీ మధ్యలోనే ఉన్నారు. ఒక సంవత్సరం పోయిందని, సప్లిమెంటరీ మిగిలిందని దిగులుపడే తమ్ముళ్లు ఈ లెక్క గుర్తుపెట్టుకోవాలి.

పాస్టర్ కావాలనుకుని, వ్యాయామ ఉపాధ్యాయుడై

నైస్మిత్ మతబోధకుడు కావాలనుకున్నారు. 1890లో మాంట్రియల్‌లోనే ప్రెస్బిటేరియన్ కాలేజీలో ఆ చదువు కూడా పూర్తి చేశారు. కానీ ఆటలంటే ప్రాణం. ఆ రోజుల్లో మతబోధకుడు కాబోయేవాడు ఫుట్‌బాల్ మైదానంలో మట్టి కొట్టుకుని తిరగడం పెద్దలకు నచ్చేది కాదు. ఒక మ్యాచ్‌లో పక్కనున్న ఆటగాడు కోపంలో బూతు మాట అని, వెంటనే నైస్మిత్ అక్కడ ఉన్నాడని చూసి క్షమాపణ అడిగాడు. ఆయన ఏమీ అనలేదు, మందలించలేదు. పక్కన నిలబడి శుభ్రంగా ఆడటమే ఆ మనిషిని మార్చిందని ఆయనకు అర్థమైంది. ప్రసంగంతో చేసే మంచిని ఆటతో కూడా చేయవచ్చని నమ్మి, 1890లో అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రంలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌కు వెళ్లి వై.ఎం.సి.ఏ. శిక్షణ పాఠశాలలో చేరారు. మరుసటి ఏడాదికి అక్కడే ఉపాధ్యాయుడయ్యారు.

పద్నాలుగు రోజుల గడువు

1891 చలికాలం. బయట మంచు. ఫుట్‌బాల్ ఆడే వీలు లేదు. జిమ్‌లో రోజూ అవే కసరత్తులు చేయాలంటే ఒక తరగతిలోని 18 మంది విద్యార్థులకు విసుగు పుట్టింది. వాళ్లను దారిలో పెట్టలేక అప్పటికే ఇద్దరు ఉపాధ్యాయులు చేతులెత్తేశారు. ఆ తరగతిని వ్యాయామ విభాగాధిపతి లూథర్ గులిక్ గారు నైస్మిత్‌కు అప్పగించి, లోపల ఆడుకునే కొత్త ఆటను తయారు చేయడానికి 14 రోజులు గడువిచ్చారు.

ఫుట్‌బాల్‌ను, సాకర్‌ను, లక్రాస్‌ను లోపలికి తెచ్చి చూశారు. నాలుగు గోడల మధ్య అవి కొట్లాటలుగా మారాయి. గడువు దగ్గరపడింది. అప్పుడు ఆయన ఒక ప్రశ్న వేసుకున్నారు. ఫుట్‌బాల్‌లో మనుషులు ఒకరినొకరు ఎందుకు పడగొడతారు? బంతి పట్టుకుని పరుగెత్తే మనిషిని ఆపాలి కాబట్టి. అసలు బంతి పట్టుకుని పరుగెత్తే వీలే లేకపోతే? అప్పుడు ఎవరినీ పడగొట్టే అవసరం ఉండదు.

ఇక రెండో సమస్య గోల్. ఎదురుగా గోల్ ఉంటే బంతిని బలంగా కొడతారు, దెబ్బలు తగులుతాయి. చిన్నప్పటి రాళ్ల ఆట గుర్తొచ్చింది. గోల్‌ను తలల కంటే ఎత్తులో, నోరు పైకి ఉండేలా పెడితే బంతిని మెల్లగా వంపు తిప్పి విసరక తప్పదు. రెండు పెట్టెలు కావాలని భవనం చూసుకునే పనివాడిని అడిగితే పీచ్ పళ్ల బుట్టలు రెండు దొరికాయి. జిమ్ బాల్కనీ అంచుకు వాటిని మేకులతో కొట్టారు. ఆ అంచు ఎత్తు 10 అడుగులు. ఈనాటికీ ప్రపంచమంతా రింగు ఎత్తు 10 అడుగులే. మన గ్రౌండులో తుప్పుపట్టిన రింగుకు కూడా అదే లెక్క.

1891 డిసెంబర్‌లో, జట్టుకు తొమ్మిది మంది చొప్పున, సాకర్ బంతితో మొదటి ఆట జరిగింది. పడింది ఒకే ఒక్క గోల్. చాలా ఏళ్ల తరువాత, 1939లో రేడియోలో మాట్లాడుతూ నైస్మిత్ ఆనాటి ముచ్చట చెప్పారు. మొదట సరిపడా నియమాలు లేకపోవడంతో కుర్రాళ్లు పట్టుకోవడం, తన్నుకోవడం, గుద్దుకోవడం మొదలుపెట్టారట. కళ్లు కమిలాయి, ఒకరి భుజం తప్పింది. ఎవరూ ఎవరినీ చంపుకోకుండా చూడటానికే నియమాలు పెంచవలసి వచ్చిందని ఆయన భావం. అంటే తమ్ముళ్లూ, ఈ ఆటలో బుట్టల కంటే ముఖ్యమైనది ఫౌల్ అనే మాట.

పదమూడు నియమాలు

1892 జనవరి 15న ఆ పాఠశాల పత్రికలో 13 నియమాలు అచ్చయ్యాయి. వాటిలో ఐదోది మనకు ముఖ్యం. భుజంతో గుద్దడం, పట్టుకోవడం, నెట్టడం, కాలు అడ్డం పెట్టడం, కొట్టడం నిషేధం. మొదటిసారి చేస్తే ఫౌల్. రెండోసారి చేస్తే తరువాతి గోల్ పడేవరకు బయట కూర్చోవాలి. గాయపరచాలనే ఉద్దేశంతో చేస్తే ఆట మొత్తానికి బయటే, బదులు మనిషి కూడా ఉండడు. ఒక జట్టు వరుసగా మూడు ఫౌల్స్ చేస్తే ఎదుటి జట్టుకు ఒక గోల్ లెక్క.

ఇంకో విశేషం ఉంది. తీర్పు చెప్పడానికి ఆయన ఇద్దరిని పెట్టారు. రిఫరీ బంతిని చూడాలి. అంపైర్ మనుషులను చూడాలి. చూడటానికి వచ్చినవారందరి కళ్లూ బంతి మీదే ఉంటాయి. మనుషులకు ఏం జరుగుతోందో చూడటానికి ఒక మనిషి ప్రత్యేకంగా ఉండాలని ఆ మొదటి రోజుల్లోనే ఆయనకు తోచింది.

1892 మార్చి 11న ఉపాధ్యాయులకు, విద్యార్థులకు మధ్య జనం ముందు మ్యాచ్ జరిగింది. విద్యార్థులు 5-1 తేడాతో గెలిచారు. ఉపాధ్యాయుల జట్టులో పేరుమోసిన ఫుట్‌బాల్ వీరుడు అమోస్ స్టాగ్ ఉన్నారు. వాళ్ల ఏకైక గోల్ వేసింది ఆయనే. ఫుట్‌బాల్ అలవాటు పోక మాటిమాటికీ ఎదుటివారిని నెట్టి ఫౌల్స్ చేసిందీ ఆయనే. ఎంత పెద్ద ఆటగాడైనా నెట్టితే ఫౌలే అని ఆ రోజే తేలింది.

మళ్లీ మొదటికొచ్చిన సమస్య

బంతి పట్టుకుని పరుగెత్తకూడదన్నారు కదా, మరి డ్రిబ్లింగ్ ఎక్కడి నుండి వచ్చింది? అది నైస్మిత్ పెట్టింది కాదు, ఆటగాళ్లు కనిపెట్టింది. చుట్టూ మనుషులు కమ్ముకుని, బంతి ఎవరికీ అందించలేని ఆటగాడు దాన్ని నేల మీదికి వదిలి మళ్లీ తనే అందుకునేవాడు. అలా తప్పించుకోవడానికి పుట్టిన ఉపాయం క్రమంగా దాడి చేసే ఆయుధమైంది. ఈ ఉపాయం నైస్మిత్‌కు చాలా నచ్చింది.

కానీ దీనితో పాత చిక్కు తిరిగి వచ్చింది. బంతితో ఒకడు వేగంగా కదులుతున్నాడు, ఇంకొకడు ఆపాలి. ఇద్దరూ తగులుకుంటారు. తప్పెవరిది? నియమాలు రాసేవారు చాలా ఏళ్లు దీనితో కుస్తీ పట్టారు. 1901లో డ్రిబ్లింగ్ చేసినవాడు తనే గోల్ వేయకూడదన్నారు. 1908లో మళ్లీ వేయవచ్చన్నారు. 1927లో ఒకే ఒక్క బౌన్సు చాలని నియమ సంఘం తీర్మానించింది. అమెరికా కోచ్‌లు తిరగబడ్డారు. వారికి ముందు నిలిచింది నైస్మిత్ శిష్యుడు ఫాగ్ ఆలెన్. ఆ పోరాటంలోనే కోచ్‌ల జాతీయ సంఘం పుట్టింది, తీర్మానం వెనక్కి పోయింది. ఆ తరువాత 1928-29 నుండి డ్రిబ్లర్ చేసే చార్జింగ్ ఫౌల్ కాలేజీ నియమాల్లోకి వచ్చింది. డ్రిబ్లింగ్ బతికింది, దానితో పాటు డ్రిబ్లర్‌కు బాధ్యత కూడా వచ్చింది.

ఇప్పుడు రిఫరీలు పాటించే అంతర్జాతీయ సూత్రాలు క్లుప్తంగా చెబుతాను. మన జట్టు కుర్రాళ్లు జాగ్రత్తగా చదవండి.

డిఫెండర్ ఎదుటివాడికి ముఖం చూపిస్తూ, రెండు కాళ్లూ నేల మీద ఆనిస్తే ఆ స్థానం అతనిది. ఆ తరువాత పక్కకు గానీ వెనక్కి గానీ కదలవచ్చు, కదిలినంత మాత్రాన తప్పు కాదు. డ్రిబ్లర్ అతని ఛాతీ మీదికి వస్తే అది చార్జింగ్. బంతి చేతిలో ఉన్నవాడు ఎవరైనా ఏ క్షణమైనా ఎదురు రావచ్చని తెలిసి, ఆగడానికో పక్కకు తిరగడానికో సిద్ధంగా ఉండాలి. దగ్గరగా వచ్చి నిలబడ్డాడు, నాకు టైము ఇవ్వలేదు అనడం కుదరదు.

అదే డిఫెండర్ ఆలస్యంగా వచ్చి కాలో తుంటో అడ్డం పెడితే బ్లాకింగ్. డ్రిబ్లర్ తల, భుజాలు అతన్ని దాటిపోయాక పక్క నుండి తగిలితే సాధారణంగా తప్పు డిఫెండర్‌దే. డ్రిబ్లర్ గాలిలోకి లేచిన తరువాత అతని దారిలోకి జొరబడటం కూడా తప్పే. డ్రిబ్లర్ ఒంటి మీద చెయ్యి వేసి అలాగే ఉంచితే ఫౌల్. డ్రిబ్లర్ ఖాళీ చేత్తో ఎదుటివాడిని తోసి దారి చేసుకున్నా ఫౌల్. ఎవరికీ లాభం నష్టం లేకుండా ఊరికే తగిలితే రిఫరీ ఆటను ఆపడు. రింగు కింద ఉండే అర్ధవృత్తం 2010లో అంతర్జాతీయ నియమాల్లోకి వచ్చింది. దాని వ్యాసార్ధం 1.25 మీటర్లు. గాలిలోకి లేచి గోల్ వేయడానికి వచ్చేవాడి మీద చార్జింగ్ రాబట్టడానికి అందులో నిలబడితే కుదరదు.

గమనించారా? ఎవరు కిందపడ్డారు, ఎవరికి రక్తం వచ్చింది, ఎవరు బలవంతుడు, ఎవరు ఏ స్కూలు అనే ప్రశ్నలు ఇందులో ఎక్కడా లేవు. ఆ స్థానం ముందు ఎవరిది అన్నదే ప్రశ్న. అందుకే బక్కపలచని పిల్లవాడు కూడా న్యాయంగా నిలబడితే ఎంత పెద్దవాడినైనా ఆపగలడు.

కాన్సాస్ మాస్టారు

నైస్మిత్ 1894లో మౌడ్ షెర్మన్‌ను పెళ్లి చేసుకున్నారు. తొలినాళ్లలో బాస్కెట్‌బాల్ ఆడిన స్త్రీలలో ఆమె ఒకరు. తరువాత డెన్వర్ వెళ్లి ఉద్యోగం చేస్తూనే 1898లో వైద్య పట్టా పొందారు. ఆ ఏడాదే కాన్సాస్ విశ్వవిద్యాలయంలో చేరారు. జట్టుకు మొదటి కోచ్ ఆయనే. 1907 వరకు ఆయన జట్టు గెలిచినవి 55, ఓడినవి 60. ఆ విశ్వవిద్యాలయ కోచ్‌లలో గెలుపుల కంటే ఓటములు ఎక్కువ ఉన్నది ఆటను కనిపెట్టిన ఆయనకొక్కరికే! ఆయన దానికి బాధపడలేదు. ఆట మీద పేటెంట్ తీసుకోలేదు, దానితో డబ్బు సంపాదించలేదు.

ఇక్కడ మనం తెలుసుకోవలసిన ఇంకో పేరు జాన్ మెక్‌లెండన్. నల్లజాతి విద్యార్థి. 1930లలో కాన్సాస్‌లో నైస్మిత్ దగ్గర చదువుకుని 1936లో డిగ్రీ పొందారు. కానీ ఆ రోజుల్లో నల్లవారికి విశ్వవిద్యాలయ జట్టులో చోటు లేదు. కోర్టులో నెట్టడం తప్పని రాసిన మనిషి పనిచేసే చోటే ఒక విద్యార్థిని రంగు పేరుతో కోర్టు బయటికి నెట్టారు. ఆ ఫౌల్‌కు ఏ విజిలూ మోగలేదు. నైస్మిత్ ఆ తలుపు తెరిపించలేకపోయారు. తన శిష్యుడిగా స్వీకరించి తనకు తెలిసింది నేర్పారు. మెక్‌లెండన్ గొప్ప కోచ్ అయ్యి, టెన్నెసీ స్టేట్ జట్టును 1957, 1958, 1959లలో వరుసగా మూడుసార్లు జాతీయ విజేతగా నిలిపారు. నైస్మిత్ పేరు మీద స్ప్రింగ్‌ఫీల్డ్‌లో ఉన్న హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఆయనకు కూడా చోటు దక్కింది. ఊరి బయట ఇళ్ల నుండి వచ్చిన మనకు ఈ కథ వేరే ఎవరూ వివరించనక్కరలేదు.

మన దేశానికి ఈ ఆట నైస్మిత్ శిష్యుల ద్వారానే వచ్చింది. మొదటి ఆటలో ఒక జట్టుకు కెప్టెన్‌గా ఉన్న డంకన్ పాటన్ 1894లో భారతదేశంలో దీన్ని పరిచయం చేశారు. స్ప్రింగ్‌ఫీల్డ్‌లోనే చదివిన హ్యారీ బక్ గారు 1920లో మద్రాసులో వై.ఎం.సి.ఏ. వ్యాయామ విద్యా కళాశాల స్థాపించారు. దక్షిణాదిలో ఎందరో డ్రిల్లు మాస్టర్లు తయారైంది అక్కడే.

1936లో బెర్లిన్ ఒలింపిక్స్‌లో బాస్కెట్‌బాల్ మొదటిసారి పతకాల పోటీ అయింది. నైస్మిత్‌ను అక్కడికి పంపడానికి అమెరికాలో మ్యాచ్ టికెట్ల నుండి పైసా పైసా పోగు చేశారు. 74 ఏళ్ల వయసులో ఆయన తన ఆటను ప్రపంచ దేశాలు ఆడటం కళ్లారా చూశారు. ఫైనల్ వానలో, బురద కోర్టులో జరిగింది. పుట్టిన దేశం కెనడా మీద, స్థిరపడిన దేశం అమెరికా 19-8తో గెలిచింది. 1939 నవంబర్ 28న కాన్సాస్‌లోని లారెన్స్‌లో ఆయన కన్నుమూశారు. ఆట పుట్టుక గురించి ఆయన రాసిన పుస్తకం 1941లో వెలువడింది.

నా చేతికి వచ్చిన విజిల్

పోయిన ఏడాది ఒక జూనియర్ టోర్నమెంటులో మనుషులు తక్కువై నన్ను రిఫరీగా నిలబెట్టారు. ఖరీదైన బూట్లు వేసుకున్న కుర్రాడొకడు వేగంగా డ్రిబ్లింగ్ చేస్తూ వచ్చాడు. అరిగిపోయిన కాన్వాస్ బూట్లతో ఒక హాస్టల్ కుర్రాడు అడ్డం నిలిచాడు. ఢీకొన్నారు. హాస్టల్ కుర్రాడు వెల్లకిలా పడ్డాడు. చార్జింగ్ ఇవ్వాలని నా చెయ్యి తహతహలాడింది. వాడు మనవాడు. కానీ నా కళ్లు చూసింది వేరు. వాడి కుడికాలు ఇంకా పక్కకు జరుగుతూనే ఉంది, ఎదుటివాడు అప్పటికే గాలిలోకి లేచాడు. బ్లాకింగ్ ఇచ్చాను. పడ్డవాడు నా వైపు చూసిన చూపు నాకు తెలుసు. తొమ్మిదో తరగతిలో నేను చూసింది అదే చూపు.

ఆట అయ్యాక వాడి దగ్గరికి వెళ్లి, సుద్ద లేక మట్టిలో వేలితో రెండు పాదాలు గీశాను. అర్ధసెకను ముందు వచ్చి నిలబడితే ఆ ఫౌల్ వాడికే దక్కేదని చెప్పాను. మొదట మాట్లాడలేదు. కాసేపయ్యాక ఆ గీతల మీద కాళ్లు పెట్టి నిలబడి చూసుకున్నాడు.

తమ్ముళ్లూ, మనల్ని నెట్టేవాళ్లు కోర్టు బయట చాలామంది ఉంటారు. అక్కడ ప్రతిసారీ విజిల్ మోగదు, మనమే అడిగి మోగించుకోవాలి. అలా అడిగే రోజున మన కాళ్లు సరైన చోట ఉండాలి, మన తప్పుకు మనం చెయ్యెత్తిన అలవాటు ఉండాలి. మీ చదువులో, కొలువులో, తీర్పు చెప్పే కుర్చీలో మీ చోటు మీరు ముందుగా చేరుకుని రెండు కాళ్లూ ఆనించి నిలబడండి. ఎప్పుడైనా విజిల్ మీ చేతికి వస్తే బంతిని మాత్రమే చూడకండి, మనుషులను కూడా చూడండి.

మన హాస్టల్ జట్టుకు, పబ్లిక్ పరీక్షలు రాసే తమ్ముళ్లందరికీ నా శుభాకాంక్షలు.